ఆ ఒక్క వేసవిని దాటెయ్యకు

చిక్కడపల్లి, హైదరాబాద్

తమ్ముడూ,

అమెరికన్ జాజ్ శాక్సఫోన్ విద్వాంసుడు చార్లీ పార్కర్ మీద నువ్వు రాసిన నలభై పేజీలూ రెండుసార్లు చదివాను. 1939లో న్యూయార్క్ చేరి, ఆర్ట్ టేటమ్ పియానో వాయించే చోట గిన్నెలు కడిగిన భాగం చాలా బాగుంది. దాన్ని ముట్టుకోకు. కానీ పదిహేడో పేజీకి వచ్చేసరికి ప్రాణం ఉసూరుమంది. "1937 వేసవిలో బాగా సాధన చేసి తిరిగొచ్చాడు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. అసలు కథంతా అక్కడే ఉంది కదా!

అంతకు ముందు కాన్సాస్ సిటీలో, రీనో క్లబ్బులో ఏం జరిగింది? మీసం కూడా సరిగా రాని కుర్రాడు పెద్దవాళ్ళ మధ్య వాయించబోయి దారి తప్పాడు. డ్రమ్మర్ జో జోన్స్ సింబల్, అదే డ్రమ్ముల పక్కన బిగించే ఇత్తడి పళ్ళెం, ఊడదీసి నేలకేసి విసిరాడు, ఇక ఆపమన్నట్టు. నువ్వేమో తలకి గురిపెట్టాడని రాశావు. తీసెయ్. కాళ్ళ దగ్గర పడిన ఆ చప్పుడు చాలు.

ఆ అవమానం మోసుకునే ఓజార్క్ కొండల్లోని రిసార్టుకి బ్యాండుతో పనికెళ్ళాడు. అక్కడ లెస్టర్ యంగ్ రికార్డులు వింటూ ఒక్కో వరసా పట్టుకున్నాడు. యంగ్‌ది మంద్రంగా పలికే టెనర్ శాక్సఫోన్, ఇతనిది దానికంటే చిన్నదైన, పైస్థాయిలో పలికే ఆల్టో. విన్నదాన్ని తన వాయిద్యం మీద మళ్ళీ వెతుక్కోవాలి. మూడు నాలుగేళ్ళు రోజుకి 11 నుంచి 15 గంటలు సాధన చేశానని 1954లో తనే చెప్పాడు. అలాంటివాడి గురించి "సరస్వతీ కటాక్షం" అని రాస్తే నాకు బాధేసింది. ఆ గంటలన్నీ ఏమైపోయినట్టు?

మొన్న పాతబస్తీలో బరాత్ బ్యాండులో శాక్సఫోన్ వాయించే పెద్దాయన్ని కలిశాను. రీడు, అంటే ఊదే చోట బిగించే పల్చటి రెల్లు ముక్క, నోట్లో పెట్టుకుని నానబెడుతూనే మాట్లాడాడు. కింది పెదవి లాగి చూపించాడు. పెదవిని పళ్ళ మీదికి మడిచి, దాని మీద రీడు ఆనించి వాయిస్తారు కాబట్టి లోపల పళ్ళ గాట్లు పడి, కాయ కాసి ఉంది. నేర్చుకునే రోజుల్లో కూరలో కారం తగిలితే కళ్ళ నీళ్ళు తిరిగేవట. పదహారేళ్ళ పార్కర్ పెదవి ఆ వేసవిలో ఎలా ఉండేదో ఒక్కసారి ఆలోచించు.

ఆదివారం పొద్దున్నే ఇంటికి రా, ఆయన దగ్గరికి వెళదాం. పదిహేడో పేజీ తెచ్చుకో. వెనకాల తెల్లకాగితాలు కూడా, ఎక్కువే.

మీ అన్నయ్య