పాపను ‘ఇండియన్ టచ్’ కోసమే పిలుస్తుంటే ఏం చేయాలి?

అనంతపురం నుంచి ఒకమ్మ రాసినారు. పాప డిగ్రీ ఫైనలియర్, చిన్నప్పట్నుంచీ కూచిపూడి, ఇప్పుడు కాంటెంపరరీ డాన్స్ (ఈ కాలపు కొత్త రకం డాన్స్) లోకి పోతానంటోంది, ఆన్‌లైన్లో ఒక ఫారిన్ గ్రూప్‌కి అప్లై చేస్తే గజ్జెలు కట్టుకుని పెద్ద బొట్టు పెట్టుకుని వీడియో పంపమన్నారంట, పాప కోపంతో మానేసింది, ఈ లైన్లో బతుకుంటుందా లేక బీఈడీ చేయించాలా అని.

అమ్మా, పాప కోపం కరెక్టే. మన డాన్స్‌ని వింత వేషంగా చూసే ఈ జబ్బు ఇప్పటిది కాదు, 1838లోనే పాండిచ్చేరి వైపు దేవదాసీలను పారిస్ తీసుకుపోయి ఆడించినారు, 1906లో రూత్ సెయింట్ డెనిస్ అనే అమెరికన్ ‘రాధ’ అని డాన్స్ చేసి పేరు తెచ్చుకుంది, అప్పటికి ఆమె ఇండియాలో కాలే పెట్టలేదు! మన డాన్సర్ చంద్రలేఖ 1985లో ‘అంగిక’ అనే డాన్స్ చేసినప్పుడు భరతనాట్యం, యోగా, కలరి (కేరళ యుద్ధ విద్య) అన్నీ వాడింది గానీ దేవుళ్ల కథలు పక్కన పెట్టేసింది. పాపని ముందు ఆమె గురించి చదవమనండి.

అయితే ఇదే పని మనమూ చేస్తాం. మీ జిల్లాలోనే చూడండి, ఫంక్షన్ అంటే ఉరుములోళ్లని (ఉరుము వాయిస్తూ ఆడే జానపద కళాకారుల్ని) గేటు దగ్గర నిలబెడతారు, గెస్టులు ఫొటో దిగుతారు, మీటింగ్ మొదలైతే పక్కకు పొమ్మంటారు. కూచిపూడి కూడా ఒకప్పుడు బ్రాహ్మణ మగోళ్లదే, అదే కాలంలో కలావంతుల (గుళ్లలో ఆడే దేవదాసీ కులం) ఆడోళ్లు ఆడేదాన్ని 1947 మద్రాసు చట్టం మాన్పించింది. పాప రేపు తన పీసులో ఉరుముల అడుగులు పెట్టుకుంటానంటే ఆపొద్దు, కానీ యూట్యూబ్ చూసి కాదు, వాళ్ల ఊరికి పోయి ఫీజు ఇచ్చి నేర్చుకోమనండి, ప్రోగ్రామ్ నోట్‌లో నేర్పినాయన పేరు వేయమనండి.

చదువంటారా, బెంగళూరు మీకు దగ్గరే, అక్కడి అట్టక్కలరి అనే డాన్స్ సెంటర్లో కాంటెంపరరీ డిప్లొమా పెడుతుంటారు, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో డాన్స్ ఎంపీఏ (పెర్ఫార్మింగ్ ఆర్ట్స్ పీజీ) ఉంది, ఈ ఏడాది నోటిఫికేషన్లు చూసుకోండి. పీజీ అయినాక పెర్ఫార్మింగ్ ఆర్ట్స్‌లో నెట్ (కాలేజీ లెక్చరర్ అర్హత పరీక్ష) రాయొచ్చు. స్టేజీ మీదే మొదటి ఏళ్లలో ఇల్లు గడవదు, క్లాసులు చెప్పుకోవాల్సిందే, అందుకని బీఈడీ కావాలంటే తర్వాతైనా చేయొచ్చు, ముందు డిగ్రీ మాత్రం పూర్తి కావాలి.

ఆ గ్రూప్‌కి మెయిల్ పెట్టమనండి: గజ్జెలు ఏ పీసుకి, డబ్బులెంత, వీసా ఖర్చు ఎవరిది, కొరియోగ్రఫీలో నా పేరు పడుతుందా అని. తిన్నగా జవాబిస్తే వీడియో పంపొచ్చు, లేకుంటే వదిలేయండి.