పాత సింథసైజర్ బోర్డులతో పని: ఈసీఈ విద్యార్థికి అది ఎంతవరకు ఉపయోగం?

ప్రశ్న: మా అబ్బాయి ఈసీఈ మూడో ఏడాది. కోర్గ్ పాలీసిక్స్ అనే పాత సింథసైజర్ (ఎలక్ట్రానిక్ పద్ధతిలో స్వరాలు పుట్టించే కీబోర్డు వాద్యం) బోర్డులు తెచ్చుకున్నాడు. కీబోర్డు, పెట్టె పాడైపోయాయట. వాటితో కొత్త పరికరం చేస్తానంటున్నాడు. ఇది ఉద్యోగానికి పనికొస్తుందా, కాలక్షేపమేనా? - ఒక తండ్రి, విజయవాడ

జవాబు: పనికొస్తుందండీ, చిప్పులు పీకి అమ్మేయకుండా, కొలిచి రాసి పెట్టుకుంటే. పాలీసిక్స్ 1981 నాటిది. ఆరు వాయిస్‌లు (ఒక్కో స్వరాన్ని పలికించే సర్క్యూట్లు), ఒక్కోదానికి ధ్వనిలో పై పౌనఃపున్యాలను తగ్గించే ఒక ఎస్‌ఎస్‌ఎం2044 ఫిల్టర్ చిప్పు. పాత చిప్పుల తయారీ ఎప్పుడో ఆగిపోయింది కాబట్టి వాటికి గిరాకీ ఉంది. కానీ టంకం తీసేటప్పుడు పాత బోర్డు మీద రాగి ప్యాడ్ ఊడిందంటే చిప్పు మిగులుతుంది, బోర్డు పోతుంది.

ముందు కెఎల్‌ఎం-367 బోర్డు చూడమనండి. దాని మీదున్న నికెల్-కాడ్మియం బ్యాటరీ కారి ట్రేసులను (బోర్డు మీది రాగి దారులను) తినేయడం ఈ యంత్రానికి అందరికీ తెలిసిన జబ్బు. కారేది క్షారం. బ్యాటరీని కత్తిరించి తీసేసి, పచ్చగా పట్టిన చోట తెల్ల వెనిగర్‌లో ముంచిన దూదిపుల్లతో రుద్దాలి. తర్వాత డిస్టిల్డ్ వాటర్‌తో, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి పూర్తిగా ఆరనివ్వాలి. ఆ తర్వాత ఒక్కో ట్రేసుకు మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (దారి తెగకుండా ఉందా అని) చూసి, తెగినచోట సన్నని తీగ కలపాలి. ఆ స్థానంలో లిథియం సెల్ పెడితే పాత చార్జింగ్ దారిని డయోడ్‌తో ఆపి తీరాలి. చార్జ్ కాని సెల్‌కు కరెంటు వెళితే ప్రమాదం.

పవర్ విషయంలోనూ తొందర పనికిరాదు. జపాన్‌లో అమ్మిన యంత్రమైతే ట్రాన్స్‌ఫార్మర్ 100 వోల్టులది, మన 230కి పెడితే కాలిపోతుంది. అసలు ఆ సప్లై వదిలేసి, కాలేజీ ల్యాబ్ బెంచ్ సప్లైలో కరెంట్ లిమిట్ 100 మిల్లీఆంప్స్ దగ్గర మొదలుపెట్టి, సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న వోల్టేజీలే ఇవ్వాలి. చాలామంది నేటి యూరోరాక్ (విడి మాడ్యూళ్లను కలిపి చేసే సింథసైజర్) పద్ధతిలో ±12 వోల్టులు ఇచ్చేస్తారు. బోర్డు ±15కి తయారైతే, బయాస్ రెసిస్టర్లకు కరెంటు ఆ సప్లై లైను నుంచే వస్తుంది కాబట్టి ఫిల్టర్ కటాఫ్ (కోత మొదలయ్యే పౌనఃపున్యం) పక్కకు జరిగిపోతుంది. చిప్పు చెడిందనుకుని పీకేది ఇక్కడే.

ఇక అసలు చదువు ఒక్క వాయిస్ ఫిల్టర్‌లోనే ఉంది. కటాఫ్‌ను వోల్టేజీతో మార్చే ఎక్స్‌పొనెన్షియల్ కంట్రోల్ పిన్ దగ్గర ఒక ఆక్టేవ్‌కు (పౌనఃపున్యం రెట్టింపు కావడానికి) సుమారు 18 మిల్లీవోల్టులు చాలు. బయటి నుంచి వచ్చేది ఆక్టేవ్‌కు ఒక వోల్ట్. దాన్ని అంతకు తగ్గించడానికి, 100 కిలో ఓమ్‌ల ఇన్‌పుట్ రెసిస్టర్ ఉంటే భూమికి దాదాపు 1.8 కిలో ఓమ్‌లు పెట్టాలి. ఆ 18 అనేది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది, 10 డిగ్రీలు పెరిగితే దాదాపు 3 శాతం. అందుకే అక్కడ డిగ్రీకి సుమారు 3300 పీపీఎం (పది లక్షల్లో 3300 వంతులు) చొప్పున వేడితో విలువ పెరిగే టెంప్కో రెసిస్టర్ వేస్తారు. హెయిర్ డ్రయ్యర్‌తో బోర్డును కొంచెం వేడి చేసి, కటాఫ్ జరగడాన్ని ఆసిలోస్కోప్‌లో చూసి గ్రాఫ్ గీయమనండి. అనలాగ్ పరీక్షకు ఇంతకన్నా మంచి తయారీ లేదు.

తర్వాత ఆ పాత ఫిల్టర్ చిప్పుకు వారసుడిగా వచ్చిన ఎస్‌ఎస్‌ఐ2144తో తన సొంత పీసీబీని (సర్క్యూట్ బోర్డును) కైకాడ్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, పాతదాని కొలతలతో పోల్చాలి. పాత బోర్డు చెక్కుచెదరకుండా ఉంటుంది, వాడికి డిజైన్ చేసిన అనుభవం మిగులుతుంది.

సింథసైజర్ కంపెనీల ఉద్యోగాలు మన దేశంలో బహు తక్కువ, ఆ ఆశ పెట్టుకోవద్దు. ఈ పని నప్పేది హార్డ్‌వేర్ వ్యాలిడేషన్ (బోర్డు సరిగా పనిచేస్తుందో సరిచూడడం), టెస్ట్, పీసీబీ డిజైన్ ఉద్యోగాలకు. అనలాగ్ ఐసీ డిజైన్ కావాలంటే చాలాచోట్ల ఎంటెక్ అడుగుతారు, అంటే సాధారణంగా గేట్ (ఎంటెక్ ప్రవేశ పరీక్ష) రాయాలి. కాబట్టి వారానికి ఒక రోజు దీనికి, మిగతాది గేట్‌కు.

రెజ్యూమేలో "సింథసైజర్ ప్రాజెక్ట్" అని రాసి వదిలేయకుండా, "24 డీబీ/ఆక్టేవ్ ఫిల్టర్ వేడికి జరగడాన్ని కొలిచి, టెంప్కోతో సరిదిద్దాను" అని రాసి, గ్రాఫ్ లింకు పక్కనే పెట్టమనండి.