విన్న తొలి పది నిమిషాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం గోదావరికి అటూ ఇటూ ఉన్న ఊళ్ల నుంచే. రాసినవాళ్లంతా పిల్లలతో పనిచేసేవాళ్లు. పేర్లు తీసేసి, పొడుగు ఉత్తరాలు కుదించి వేస్తున్నాం.

ప్రశ్న: ఎనిమిదో తరగతి అమ్మాయి, ట్యూషన్ చెప్పే ఆయన తనతో ఎలా ప్రవర్తిస్తున్నాడో నాతో చెప్పి ఏడ్చింది. మా హెచ్ఎం గారు "ముందు వాళ్ల నాన్నను పిలిపిద్దాం, పెద్దమనుషులతో మాట్లాడదాం, తొందరపడకండి టీచర్ గారూ" అంటున్నారు. ఇలాంటివాటికి మాకెవరూ శిక్షణ ఇవ్వలేదు. ఏం చేయాలి?
– టీచర్, పి.గన్నవరం మండలం

జవాబు: ఈ పేజీ మీ చేతికి వచ్చేసరికే రోజులు గడిచిపోయి ఉంటాయి. ఇంకా చెప్పకపోతే ఇప్పుడే 1098కి (పిల్లల సహాయవాణి) గానీ 112కి (అత్యవసర నంబరు) గానీ ఫోన్ చేయండి, లేదా పోలీస్ స్టేషన్‌కు తెలియజేయండి. మీ సచివాలయం మహిళా పోలీసు సాయం తీసుకోవచ్చు. 2012 పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే చట్టం) సెక్షన్ 19 ప్రకారం, నేరం జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పి తీరాలి. జరగబోతోందన్న అనుమానం ఉన్నా అంతే. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సంస్థ బాధ్యుడు తన కింద పనిచేసేవాళ్ల నేరాన్ని దాచిపెడితే శిక్ష ఏడాది వరకు ఉంటుంది. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లపై కేసు ఉండదని అదే చట్టంలో ఉంది. హెచ్ఎం గారికి ఈ రెండు సెక్షన్లూ కాగితం మీద చూపించండి. వాదించడం కంటే అది తేలిక.

పెద్దమనుషుల దగ్గరకు వెళితే ఏమవుతుందో మీకూ తెలుసు. పాప ఆ కథను నలుగురి ముందు నాలుగుసార్లు చెప్పాలి, అవతలివాళ్లకు కబురు అందుతుంది, చివరికి డబ్బో పెళ్లో మాట్లాడి "సర్దుకుపోండి" అంటారు. తండ్రిని ముందు పిలవడంలోనూ చిక్కుంది. చేసినవాడు ఇంటి మనిషో, ఇంటికి కావలసినవాడో అయితే ఆ రాత్రే పాప నోరు నొక్కేస్తారు. తల్లిదండ్రులకు చెప్పొద్దని కాదు. పాపకు ఎవరి మీద నమ్మకముందో ఆమెనే అడిగి, వాళ్లకు చెప్పండి.

ఇక మీరడిగిన శిక్షణ సంగతి. అసలైన శిక్షణంతా విన్న తొలి పది నిమిషాల గురించే. పాప చెబుతుంటే మధ్యలో అడ్డుపడకండి. "ఏమైంది?", "ఆ తర్వాత?" అన్న రెండు ప్రశ్నలు చాలు. "మీ ట్యూషన్ మాస్టారే కదా? అక్కడ పట్టుకున్నాడా?" అని అడిగారంటే జవాబు మీరే అందించినట్టు. రేపు కోర్టులో ఎదుటి లాయరు పట్టుకునేది దాన్నే. "ఎవరికీ చెప్పనని ఒట్టు" అని మాత్రం అనకండి, ఆ ఒట్టు మీరు నిలబెట్టుకోలేరు. "చెప్పి మంచిపని చేశావమ్మా. ఇందులో నీ తప్పేం లేదు. నిన్ను కాపాడేవాళ్లకు మాత్రమే చెబుతాను" అనండి. నిజమా కాదా అని తేల్చడం మీ పని కాదు. ఆ ట్యూషన్ ఆయన్ను నిలదీయడం అసలే వద్దు. సాక్ష్యాలు మాయమవుతాయి.

పాప వెళ్లగానే తేదీ, టైము, చోటు వేసి రాసిపెట్టండి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పాప "లంగా పట్టుకు లాగేడు" అంటే అలాగే రాయాలి, "లైంగికంగా వేధించాడు" అని మార్చకూడదు. మీరు అడిగిన ప్రశ్నలు కూడా రాయాలి. కాగితాన్ని బీరువాలో తాళం వేసి పెట్టండి. స్టాఫ్ రూములో గానీ, వాట్సాప్ గ్రూపులో గానీ పేరు బయటికి రాకూడదు.

సంఘటన జరిగి మూడు రోజులు దాటకపోతే ఆసుపత్రికి తొందరపడాలి. గర్భం రాకుండా, హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి. స్నానం చేయించకండి. బట్టలు ఉతక్కుండా, ఆరినవి కాగితపు సంచిలో పెట్టండి, ప్లాస్టిక్‌లో చెమ్మ పట్టి పాడవుతాయి. ఎఫ్ఐఆర్ ఉంటేనే చూస్తామని డాక్టరు అనడానికి 2020 పోక్సో నిబంధనలు ఒప్పుకోవు. అమ్మాయిని లేడీ డాక్టరే పరీక్షించాలి. వాంగ్మూలం ఇంటి దగ్గరో, పాప కోరిన చోటో, వీలైనంత వరకు ఎస్ఐ స్థాయికి తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా తీసుకోవాలి. పోలీసులు 24 గంటల్లో బాలల సంక్షేమ కమిటీకి, ప్రత్యేక కోర్టుకు తెలియజేయాలి. కేసు నడిచినంత కాలం తోడుండే సహాయక వ్యక్తిని ఆ కమిటీయే ఇస్తుంది. ఆ మనిషి కావాలని మీరే గట్టిగా అడగండి, అడగనిదే అందరికీ గుర్తుండదు.

ప్రశ్న: వరదప్పుడు హైస్కూల్లో పెట్టిన పునరావాస కేంద్రంలో నాకు డ్యూటీ వేస్తారు. పిల్లలు రాత్రుళ్లు ఉలిక్కిపడి ఏడుస్తారు, ఆరేళ్లవాళ్లు కూడా పక్క తడుపుతారు. కౌన్సెలింగ్ నాకు రాదు.
– అంగన్‌వాడీ కార్యకర్త, యలమంచిలి మండలంలోని లంక గ్రామం

జవాబు: రాకపోయినా పర్వాలేదమ్మా. ఆ మూడు నాలుగు రోజుల్లో కౌన్సెలింగ్ అక్కర్లేదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో తెచ్చిన మానసిక ప్రథమ చికిత్స మార్గదర్శిని మూడు మాటల్లో సరిపెట్టింది: చూడు, విను, జత చేయి. ఎవరికి ఏం కావాలో చూడటం, చెప్పినంత వినడం, అవసరమైన చోటికి చేర్చడం. నీళ్లు ఇంట్లోకి ఎలా వచ్చాయో మళ్లీ మళ్లీ చెప్పించకండి, బొమ్మ గీయమని బలవంతపెట్టకండి. టీవీలో వరద వార్తలు పిల్లల ముందు ఆపేయించండి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, ఒకే చోట చాప వేసి ఆడించండి. రోజూ అదే టైముకు జరగడం వల్లే వాళ్లు కుదుటపడతారు. ఏ ఆట ఆడించారన్నది అంత ముఖ్యం కాదు.

పక్క తడపడం, అమ్మ కొంగు వదలకపోవడం భయం వల్ల వచ్చేవే. తిడితే పెరుగుతాయి. పడుకునే ముందు ఒకసారి బయటికి తీసుకెళ్లండి, మార్చడానికి పాత దుప్పటి దగ్గర పెట్టండి. నెల దాటినా తగ్గకపోతేనో, పిల్లవాడు మాట మానేస్తేనో, తిండి మానేస్తేనో ఏఎన్ఎం ద్వారా డాక్టరుకు చూపించాలి.

మనసు కంటే ముందు రక్షణ. మరుగుదొడ్డికి గడియ, దారిలో లైటు ఉన్నాయా అని మొదటి సాయంత్రమే చూడండి. పిల్లవాడి పేరు, వయసు, ఎవరితో వచ్చాడు, వాళ్ల ఫోన్ నంబరు రాసి ఒక పుస్తకం పెట్టండి. "మేం తీసుకెళ్లి చదివిస్తాం" అంటూ వచ్చేవాళ్లు ఎంత మంచిగా మాట్లాడినా పిల్లల్ని అప్పగించకండి. ఒంటరి పిల్లల సంగతి బాలల సంక్షేమ కమిటీ తేల్చాలి.

ప్రశ్న: ఎంఎస్‌డబ్ల్యూ చేసి ప్రైవేటు స్కూల్లో కౌన్సెలర్‌గా చేరాను. మంచి శిక్షణ ఎక్కడ దొరుకుతుంది? పిల్లల ప్రవర్తనను, భావోద్వేగ ఇబ్బందులను అంచనా వేసే ప్రశ్నావళి ఎస్‌డీక్యూ వాడొచ్చా?
– అమలాపురం

జవాబు: బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌లో 'సంవాద్' అనే విభాగం 2020 నుంచి ఈ పనే చేస్తోంది. బాలల రక్షణ సిబ్బందికి, కౌన్సెలర్లకు ఆన్‌లైన్ తరగతులు నడుపుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ మానసిక ఆరోగ్య గైడ్ ఎంహెచ్‌గ్యాప్‌లో పిల్లల మీద ప్రత్యేక భాగముంది, ఉచితం. మీ జిల్లా బాలల రక్షణ విభాగంతో ముందే పరిచయం పెట్టుకోండి, అవసరం పడ్డ రోజున నంబరు వెతుక్కోకూడదు.

ఒకరోజు వర్క్‌షాపుల గురించి మాత్రం మా అభిప్రాయం వేరు. జ్యోతి ప్రజ్వలనకు, శాలువాలకు సగం పూట పోతుంది, మిగతా సగం స్లైడ్లకు. దానికి బదులు నెలకోసారి ముగ్గురు టీచర్లను కూర్చోబెట్టండి. ఒకరు పాప, ఒకరు టీచరు, మూడోవారు పరిశీలకులు. పది నిమిషాలు మాట్లాడాక, టీచరు ఎన్నిసార్లు జవాబు అందించే ప్రశ్న వేశారో పరిశీలకులు లెక్క చెప్పాలి. తర్వాత పాత్రలు మార్చుకోండి. ఈ లెక్క ఎవరికైనా మొదట్లో సిగ్గుగానే ఉంటుంది, మూడోసారికి తగ్గుతుంది.

ఎస్‌డీక్యూ వాడొచ్చు. 25 వాక్యాలు, ఒక్కోదానికి 0, 1, 2 మార్కులు. అయిదేసి వాక్యాల చొప్పున అయిదు భాగాలు. ఇబ్బందుల మొత్తంలో నాలుగు భాగాలే కలపాలి, తోటివారితో మంచిగా ఉండటాన్ని కొలిచే అయిదో భాగం కలపకూడదు. అయిదు వాక్యాలకు మార్కులు తిరగేసి వేయాలి, ఉదాహరణకు "కనీసం ఒక మంచి స్నేహితుడున్నాడు" అన్నదానికి. అది మరిచిపోతే చక్కగా ఉన్న పిల్లలకే మార్కులు పెరిగిపోతాయి. పాత మూడు మెట్ల (మామూలు, అంచున, ఎక్కువ) లెక్కలో టీచరు నింపిన ఫారానికి 16, తల్లిదండ్రులు నింపినదానికి 17, పిల్లలే నింపుకున్నదానికి 20 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. ముగ్గురి ఫారాలకూ ఒకే హద్దు వాడటం మామూలుగా జరిగే పొరపాటు. మీరే తెలుగు చేసుకుని వాడకండి, అనుమతి ఉన్న అనువాదమే వాడాలి. ఎంత మార్కులొచ్చినా అది జబ్బు పేరు కాదు. రోగనిర్ధారణ సైకియాట్రిస్టుదో, ఆర్‌సీఐలో (భారత పునరావాస మండలి) నమోదైన క్లినికల్ సైకాలజిస్టుదో.

ప్రశ్న: పదో తరగతి కుర్రాడు చేయి కోసుకున్నాడు. చచ్చిపోవాలనుందా అని అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందా?
– హాస్టల్ వార్డెన్, భీమవరం

జవాబు: అవదు. పక్కకు పిలిచి సూటిగానే అడగండి. "అవును" అంటే ఆ క్షణం నుంచి ఒంటరిగా వదలకండి, తల్లిదండ్రులకు చెప్పండి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ 14416 రాత్రీ పగలూ తెలుగులో పలుకుతుంది, వార్డెన్లు కూడా చేసి సలహా అడగొచ్చు. "ఇంకెప్పుడూ చేయను" అని రాయించుకున్న కాగితం ఏ పిల్లవాణ్నీ ఆపదు. మన దగ్గర పొలం మందులు, చెరువు మందులు ఇంటింటా అందుబాటులో ఉంటాయి. సెలవుకు ఇంటికి పంపేముందు వాటిని తాళంలో పెట్టమని తండ్రికి ఫోన్‌లో చెప్పండి. ఎవరైనా పురుగుమందు తాగితే ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు పట్టి కక్కించవద్దు. 108కి చేసి, డబ్బా వెంట తీసుకెళ్లండి. పోలీసు కేసవుతుందని దాచకండి. 2017 మానసిక ఆరోగ్య చట్టం సెక్షన్ 115 ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించి శిక్ష లేకుండా చేసింది.

ప్రశ్న: తల్లి కువైట్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. అలాంటి ఇళ్లు మా ఊళ్లో చాలా ఉన్నాయి. మేం ఏం చూడాలి?
– ఆశా కార్యకర్త, రాజోలు

జవాబు: అమ్మ ఫోన్ చేసే టైము స్థిరంగా ఉందో లేదో చూడండి. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక, అక్కడ పని ముగిసేసరికి ఇక్కడ పిల్లలు నిద్రపోతారు. వారానికి రెండు రోజులు ఫలానా టైముకే అని అమ్మ, అమ్మమ్మ, పిల్లలు అనుకుంటే, ఎదురుచూసి ఏడ్చే రాత్రులు తగ్గుతాయి. స్కూలు రిజిస్టర్లో అమ్మమ్మ నంబరుతో పాటు ఆమెకు ఒంట్లో బాగోకపోతే వచ్చే రెండో మనిషి నంబరు కూడా రాయించండి. ఆ రెండో మనిషి ఎవరైతే బాగుంటుందో పిల్లల్ని విడిగా అడగండి. ఏదైనా ఒక పేరు వినగానే వాళ్లు తలొంచుకుంటే, మొదటి జవాబులో చెప్పిన రెండు ప్రశ్నలే అక్కడా అడగాలి.