వానే పడలేదు, మరి కోనసీమ లంకలు ఎందుకు మునుగుతాయి?

లంకల్ని, అంటే గోదావరి మధ్యలోని దీవుల్ని, ముంచేది అక్కడ కురిసే వాన కాదు, ఎగువ రాష్ట్రాల నుంచి దిగివచ్చే నీరు. మహారాష్ట్ర, ఛత్తీస్‌గఢ్, ఒడిశాల్లో పడ్డ వర్షం ప్రాణహిత, ఇంద్రావతి, శబరి నదుల ద్వారా గోదావరిలో కలిసి ధవళేశ్వరానికి చేరుతుంది. అక్కడి నుంచి నది గౌతమి, వశిష్ఠ పాయలుగా చీలిపోతుంది. ఏటిగట్లు వాటి అవతల ఉన్న ఊళ్లనే కాపాడతాయి. లంకలేమో గట్లకు లోపల, నది మధ్యలోనే ఉన్నాయి. అందుకే ఎండ కాస్తున్నా కాజ్‌వే మునిగి, పడవ ఎక్కాల్సి వస్తుంది. కొబ్బరి తట్టుకుంటుంది కానీ అరటి, కూరపాదులు నాలుగు రోజులు నానితే వేరు కుళ్లిపోతాయి. పశువుల్ని ముందే గట్టు మీదికి తోలుకొస్తారు. ఆపైన టెన్షనంతా వాటి మేత గురించే.

2022 జులైలో ఎగువన భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక 53 అడుగులకే ఇస్తారు. ఆ నీరు కిందికి చేరాక లంకల్లో జనం డాబాలెక్కాల్సి వచ్చింది.

‘ధవళేశ్వరంలో గేట్లు ఎత్తేశారు, అందుకే మునిగాం’ అనుకోవడం మాత్రం పొరపాటు. అది నీటిని దాచే డ్యామ్ కాదు, కాలువలకు మళ్లించే బ్యారేజీ. పట్టేది సుమారు మూడు టీఎంసీలే (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక ఇచ్చే 10 లక్షల క్యూసెక్కులంటే, అంటే సెకనుకు 10 లక్షల ఘనపుటడుగులంటే, రోజుకు 86 టీఎంసీలు. గేట్లు దించి ఆపుదామన్నా గంటసేపు కూడా ఆగదు.