నా పేరు పెంటమ్మ... మార్చుకోవచ్చా?

ప్రశ్న: నాకు 28 ఏళ్లు. మాది జగిత్యాల దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు ఆడపిల్లలు దక్కలేదని మా నానమ్మ నాకు పెంటమ్మ అని పేరు పెట్టిందట. కాలేజీలో బాగా ఏడిపించారు. అందుకే ఆఫీసులో అందరికీ పావని అని చెప్పుకున్నాను. మొన్న ఆస్పత్రిలో నా పేరు రెండోసారి పిలిచేదాకా లేవలేదు, పక్కన ఆఫీసు అమ్మాయి ఉందని. ఇప్పుడు పెళ్లి కుదిరింది. కార్డులో పావని అనే వేయించాలని, పనిలో పనిగా సర్టిఫికెట్లలోనూ మార్పించుకోవాలని అబ్బాయి తరఫువాళ్లు అంటున్నారు. ఆ మాటెత్తితే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. పావని అని పిలిస్తే ఎవరినో పిలిచినట్టుంటుంది, పెంటమ్మ అంటే సిగ్గేస్తుంది. ఏం చేయను?
– ఒక సోదరి

జవాబు: సిగ్గుపడ్డందుకు మిమ్మల్ని మీరు తిట్టుకోకండమ్మా. ‘పేరుదేముందిలే’ అని తేలిగ్గా అనేవాళ్లకు సాధారణంగా మంచి పేరే ఉంటుంది.

పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోతుంటే, తర్వాతి బిడ్డను పెంటకుప్ప మీద కాసేపు పడుకోబెట్టి, ఎవరో పారేస్తే దొరికినట్టు ఎత్తుకొచ్చేవాళ్లు. కొన్ని ఊళ్లలో చేటలో వేసి పక్కింటావిడ చేతికిచ్చి, గుప్పెడు తవుడు పోసి తిరిగి కొనుక్కునేవాళ్లు. పెంటయ్య, పుల్లయ్య, తిరిపాలు లాంటి పేర్లు చాలావరకు అలా పుట్టినవే. 1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. మీ నానమ్మ దాదాపు ఆ రోజుల్లో పిల్లల్ని కని పెంచిన మనిషి. ముద్దు పేరు పెడితే దిష్టి తగులుతుంది, పనికిరాని బిడ్డ అనిపిస్తే చావు పట్టించుకోకుండా పోతుంది అన్నది ఆవిడ లెక్క. ఆ లెక్కను మనం నమ్మక్కర్లేదు. కానీ ఎలాగైనా మీరు బతకాలని ఆ ఇంట్లో ఎంత తపన పడితే ఆ పేరు పెట్టి ఉంటారో ఒక్కసారి ఆలోచించండి.

మీరు బతికారు, ఆ పేరు చేయాల్సిన పని చేసేసింది. ఇప్పుడు మార్చుకుంటే ఎవరికీ ద్రోహం చేసినట్టు కాదు. కాకపోతే పెళ్లికార్డు కోసం మాత్రం మార్చుకోవద్దని గట్టిగా చెబుతాను. పావని ఆఫీసులో తప్పించుకోవడానికి చెప్పిన పేరు. అది మీకే పరాయిగా ఉంటే హడావిడిగా కాగితాల మీదికి ఎక్కించి, జీవితాంతం దానికి పలకాల్సిన పనేముంది? నాలుగు పేర్లు అనుకోండి, ఇంట్లో పిలిపించుకుని చూడండి. చివరికి పెంటమ్మే ఉండనీ అనిపించినా సరే.

అమ్మ విషయానికొస్తే, ఆవిడ అలిగి లేచిపోతోందని అనుకోను. ఆ పేరు పలికినప్పుడల్లా పోయిన ఇద్దరూ గుర్తొస్తారు కదా. ‘ఈ పేరెందుకు పెట్టారే’ అని మళ్లీ మొదలుపెట్టకండి. ఊరెళ్లినప్పుడు పక్కన కూర్చుని, ‘అక్కలకు ఏం పేర్లు పెట్టుకున్నావమ్మా’ అని అడగండి. బహుశా ఇన్నేళ్లలో ఎవరూ అడిగి ఉండరు. ఏడిస్తే ఏడవనివ్వండి. కొత్త పేరు సంగతి ఆ రోజు ఎత్తకండి, మరోరోజు చెప్పొచ్చు. వీలైతే ఆ పేరు ఆవిడనే ఎంచమనండి.

అబ్బాయితో మీరే మాట్లాడండి, మధ్యవర్తులతో కాదు. ఈ పేరు ఎలా వచ్చిందో మొత్తం చెప్పండి. విన్నాక కూడా ‘మావాళ్ల ముందు పరువు పోతుంది’ అనే అంటే, ఆ మాట మీ పేరు గురించి కాదు, ఆయన గురించే చెబుతుంది. కొంచెం ఆగి ఆలోచించుకోండి.

మార్చుకోవాలని తేల్చుకుంటే నోటరీ అఫిడవిట్, పేపర్ ప్రకటన, తర్వాత గెజెట్. గెజెట్ కాపీ చేతికొచ్చాకే ఆధార్, ఆ వెనక పాన్, బ్యాంకు, ఆఫీసు రికార్డులు. ఆధార్‌లో పేరు సాధారణంగా రెండుసార్లే మార్చనిస్తారు. పెళ్లయ్యాక ఇంటిపేరు కూడా మార్చుకునే ఉద్దేశం ఉంటే ఒకేసారి చేయించుకోండి. పాత పేరున్న పదో తరగతి మెమోతో పాటు గెజెట్ కాపీని ఎప్పుడూ జతగా ఉంచుకోండి. పెళ్లిలోపు ఇదంతా పూర్తి కాకపోతే రిజిస్ట్రేషన్ ఇప్పుడు ఆధార్‌లో ఉన్న పేరుతోనే చేయించుకోండి, కార్డు మీద ఏం వేసినా సరే.