కాన్ఫరెన్స్ గెలుపు ఎంత పెద్దది?

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్నాడు. తమ విశ్వవిద్యాలయపు లాక్రోస్ జట్టు కాన్ఫరెన్స్ విజేత అయిందని ఫోన్‌లో తెగ సంబరపడ్డాడు. కాన్ఫరెన్స్ అంటే మన దగ్గరి జోన్ వంటిదేనా? ఆ గెలుపును ఎంత పెద్దదిగా లెక్కించాలి?
- ఒక తండ్రి, మిర్యాలగూడ

జవాబు: జోన్‌తో పోలిక కొంతవరకే కుదురుతుంది. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం గానీ, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయం గానీ తన కబడ్డీ జట్టును సౌత్ జోన్ పోటీలకే పంపుతుంది; ఉన్న చోటును బట్టి జోన్ ఖాయమవుతుంది. కాన్ఫరెన్స్ అలా కాదు, విశ్వవిద్యాలయాలు తమలో తాము ఒప్పందం చేసుకుని ఏర్పరచుకున్న కూటమి కాబట్టి, అందులో చేరడమూ వీడిపోవడమూ వాటి ఇష్టం. 1953లో అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌ను స్థాపించిన వాటిలో ఒకటైన మేరీలాండ్ విశ్వవిద్యాలయం 2014లో దాన్ని వదిలి బిగ్ టెన్‌లో చేరింది. జాన్స్ హాప్కిన్స్ సంగతి మరీ విచిత్రం: మిగతా ఆటల్లో ఎక్కువ భాగం మూడో డివిజన్‌లో (అక్కడి విశ్వవిద్యాలయ క్రీడల్లో డివిజన్ అంటే స్థాయి; మొదటిది అన్నిటికన్నా పైది) ఆడే ఆ విశ్వవిద్యాలయం, పురుషుల లాక్రోస్‌లో మాత్రం చాలా కాలం ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేకుండా మొదటి డివిజన్‌లో ఆడి, చివరికి ఆ ఒక్క ఆట కోసం బిగ్ టెన్‌లో చేరి, 2015లో దాని తొలి టోర్నమెంట్‌ను గెలుచుకుంది.

చివర వలబుట్ట ఉన్న కర్రతో రబ్బరు బంతిని పట్టి, విసిరి, గోలు చేసే ఈ ఆటను పురుషులు జట్టుకు పదిమంది చొప్పున ఆడతారు.

ఇక గెలుపు విలువ. కాన్ఫరెన్స్ విజేత అన్న మాట రెండు విధాలుగా వాడుకలో ఉంది. సీజన్ పొడవునా తోటి సభ్యులతో ఆడిన మ్యాచ్‌లలో ముందు నిలవడం ఒకటి, సీజన్ చివర జరిగే నాకౌట్ టోర్నమెంట్‌ను గెలవడం మరొకటి. ఐవీ లీగ్ అనే కాన్ఫరెన్స్‌లో 2010 వరకు ఈ టోర్నమెంటే లేదు. వారాల తరబడి నిలకడగా ఆడితేనే దక్కే మొదటి దానికే నేను ఎక్కువ మార్కులు వేస్తాను. అయితే చాలా కాన్ఫరెన్స్‌లలో జాతీయ పోటీకి నేరుగా అర్హత ఇచ్చేది రెండోదే. మిగిలిన స్థానాలకు జట్లను ఒక సంఘం ఎంపిక చేస్తుంది.

ఏ కాన్ఫరెన్స్ అన్నది కూడా చూడాలి. 2023 జాతీయ ఫైనల్‌లో తలపడిన నోటర్ డామ్, డ్యూక్ జట్లు రెండూ అట్లాంటిక్ కోస్ట్‌వే. అంత గట్టి కూటమిలో రెండో స్థానం, బలహీనమైన కూటమిలోని మొదటి స్థానం కన్నా బరువైనదని చెప్పవచ్చు. ఐవీ లీగ్‌కు చెందిన కార్నెల్ 1971లో తొలి జాతీయ పోటీని గెలిచింది. 1977 తర్వాత మళ్లీ జాతీయ విజేత కావడానికి దానికి 2025 దాకా పట్టింది.

కాబట్టి ఏ డివిజన్, ఏ కాన్ఫరెన్స్, గెలిచింది సీజన్‌నా టోర్నమెంట్‌నా అని మీ అబ్బాయిని అడగండి. మొదటి డివిజన్‌లో జాతీయ పోటీకి అర్హత దక్కి ఉంటే, అతని సంబరం మే నెలాఖరులో జరిగే ఫైనల్ దాకా సాగే అవకాశం ఉంది.