టెక్ సందేహాలు: ఊడల సందుల్లో జింక ఎక్కడ?

*మా ఇంటి గ్రూపుల మర్రిచెట్టు బొమ్మ ఒకటి పెట్టిన్రు. 'ఊడల నడుమ జింక ఉంది, పట్టుకోండి' అని. అందరికి కనవడ్డదట. నాకు ఊడలే కనవడుతున్నయ్. ఫోన్ల ఏమన్న సెట్టింగ్ ఉందా?*
– ఒక పాఠకురాలు, మహబూబ్‌నగర్

ఉందమ్మా. ముందు చిక్కు ఎక్కడుందో చెబుతాను. మీరు పంపిన బొమ్మలో జింకను ఎవరూ గీయలేదు. ఊడకూ ఊడకూ మధ్య వదిలేసిన ఖాళీయే జింక. రెండు చేల నడుమ గట్టును ఒకరి పేరునే పట్టా చేసినట్టు, కన్ను ప్రతి అంచునూ ఒక పక్కకే రాసిచ్చేస్తుంది. రెండో పక్కకు రూపం మిగలదు, వెనక్కి జారిపోతుంది. డెన్మార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ రూబిన్ 1915లో వివరించింది ఇదే. పూలకూజాగానూ, ఎదురెదురు ముఖాలుగానూ కనిపించే ఆ బొమ్మ ఆయన పేరుతోనే ప్రసిద్ధం. మీ బొమ్మలో అంచులన్నీ ఊడల పేరున ఎక్కాయి, అంతే.

నేనైతే మొదట గ్యాలరీలో ఎడిట్ నొక్కి, మార్కప్ పెన్నుతో ఖాళీలకు ఎర్రరంగు పూస్తాను. చెట్టును ముట్టుకోకూడదు, సందులు మాత్రమే నింపాలి. నాలుగైదు సందులు నిండేసరికి జింక కాలో, తలమీది కొమ్ములో బయటపడతాయి. కంప్యూటర్ ఉంటే పెయింట్‌లో ఫిల్ బకెట్ ఈ పని ఇంకా తొందరగా చేస్తుంది, కాకపోతే ఖాళీ చుట్టూ గీత ఎక్కడా తెగి ఉండకూడదు.

రంగులు తిరగేసి చూడటం రెండో దారి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో యాక్సెసబిలిటీ కింద 'కలర్ ఇన్వర్షన్' ఉంటుంది. ఐఫోన్‌లో 'క్లాసిక్ ఇన్వర్ట్' ఎంచుకోండి. పక్కనే ఉండే 'స్మార్ట్ ఇన్వర్ట్' ఫొటోలను వదిలేస్తుంది, దానితో మీకు పనిలేదు. ఫోన్ తలకిందులు చేసినా చెట్టు చెట్టులా అనిపించడం తగ్గుతుంది. అయితే జింక కూడా తలకిందులే అవుతుంది కదా, అందుకే సందులు నింపాక మళ్లీ తిప్పి చూడండి.

ఇంకో మాట. పది గ్రూపులు తిరిగొచ్చిన ఫొటోలో అంచులు అలుక్కుపోతాయి. పంపినవాళ్లను హెచ్‌డీలో గానీ, డాక్యుమెంట్‌గా గానీ మళ్లీ పెట్టమనండి. అలవాటు కావాలంటే మీ ఊళ్లోనే పిల్లలమర్రి ఉంది. వెలుతురుకు ఎదురుగా నిలబడి ఊడలను ఫొటో తీసి, ఎడిట్‌లో కాంట్రాస్ట్ పూర్తిగా పెంచండి. ఊడలు నల్లగా మిగిలి, మధ్య సందులు తెల్లటి ఆకారాలై పైకి తేలతాయి.

*ఇట్లాంటి బొమ్మలు ఏఐ చాట్‌బాట్‌కు పెడితే రోజుకో జవాబు చెబుతోంది. నమ్మొచ్చా సర్?*
– డిగ్రీ విద్యార్థి, నల్లగొండ

ఈ ఒక్క పనికి నమ్మొద్దు. ఫొటోలను గుర్తుపట్టే ఏఐ నెట్‌వర్కులు ఆకారం కంటే ఉపరితలం మీది చారలకూ గరుకుకూ ఎక్కువ విలువిస్తాయని 2019లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. ఖాళీలో ఆ రెండూ ఉండవు. ఇప్పటి చాట్‌బాట్‌లు మెరుగే గానీ, 'జింక ఎక్కడుంది' అని అడిగితే లేని జింకకూ చోటు చూపిస్తాయి. 'ఇందులో ఏమేం ఉన్నాయి' అని అడిగి చూడు, తేడా నీకే తెలుస్తుంది. ఫెడెక్స్ లోగోలో 'ఈ', 'ఎక్స్' అక్షరాల మధ్య బాణాన్ని మాత్రం టక్కున చెప్పేస్తుంది. 1994లో లిండన్ లీడర్ చేసిన ఆ డిజైన్ గురించి నెట్‌లో బోలెడంత రాశారు మరి! అది చూసి చెప్పిందో చదివి చెప్పిందో తేల్చాలంటే, నువ్వే కాగితం మీద ఒకటి గీసి పెట్టు.

*పజిల్ యాప్ వేసుకుంటే కాంటాక్ట్స్ పర్మిషన్ అడుగుతున్నది. ఇయ్యాల్నా?*
– నాగర్‌కర్నూల్ నుంచి

ఇవ్వొద్దు. బొమ్మలో పిట్టను వెతకడానికి మీ బంధువుల నంబర్లెందుకు? 'డోంట్ అలో' నొక్కండి, ఆడనివ్వకపోతే తీసేయండి. ఫ్రీ ట్రయల్ అని ఆటోపేకు ఒప్పుకుని ఉంటే యాప్ తీసేసినంత మాత్రాన డబ్బులు కట్ కావడం ఆగదు. ప్లే స్టోర్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్‌లో విడిగా క్యాన్సిల్ చేయాలి.